దాజీ పేటలో లిండెన్‌ఫార్ రేవు

అంబాదాస్ ఎడమ చేతి వేళ్లు పడుగులో ఒకటి విడిచి ఒకటిగా పోగులను లేపి పట్టుకున్నాయి. కుడి చెయ్యి బూడిదరంగు పేకను వాటి కింద నుంచి దూర్చి ఇవతలికి లాగింది. లాగిన పోగును ఇనుప పళ్ల దువ్వెనతో రెండు దెబ్బలు కొట్టి దించాడు. వెంటనే ఇంకో దారపు కండె తీశాడు. అది కూడా బూడిద రంగే కాని కాస్త ఆకుపచ్చ కలిసింది. దాన్ని నాలుగు వేళ్ల మేర నడిపి ఆపి, కొసను రెండంగుళాలు పైకి వదిలి మూడో కండె అందుకున్నాడు.

నీళ్లు నేస్తున్నాడు. నీళ్లకు ఒకే రంగు వాడితే బట్ట మీద నది తారు రోడ్డులా పడుకుంటుంది. అంబాదాస్ ఈ నదికి ఏడు కండెలు పెట్టుకున్నాడు. ఏడో కండె తెల్లది. పడవ ముక్కు దగ్గర నీళ్లు చీలే చోట తప్ప దాన్ని ముట్టుకోకూడదని తనకు తానే షరతు పెట్టుకున్నాడు.

"ఇంక ఎన్ని దినాలు పారుతది నీ నది?" అంది భార్య గోదావరి, గడప దగ్గర కూర్చుని కొత్త కండె చుడుతూ.

"ఇంకో జానెడు. ఆ మీదికెల్లి ఒడ్డు వస్తది."

"మా పుట్టింటి వాగు సుత ఇంత నిదానంగ పారలే."

అంబాదాస్ నవ్వలేదు. నీళ్లు నేసేటప్పుడు ఆయన నవ్వడు.

సోలాపూర్ దాజీ పేటలో మగ్గాల చప్పుడు వినబడని సందు లేదు గాని, అందులో చేతిమగ్గం చప్పుడు ఏదో పోల్చుకోవాలంటే ఇప్పుడు చెవి రిక్కించాలి. సందంతా పవర్‌లూమ్‌లే. తువ్వాళ్లు, దుప్పట్లు. అంబాదాస్ తాత కరీంనగర్ వైపు నుంచి భుజాన మూటతో వచ్చి ఇక్కడ చీరలు నేశాడు. తండ్రి దుప్పట్లు నేశాడు. అంబాదాస్ పద్దెనిమిదో ఏట బొమ్మలు నేసే ఒక ముసలాయన దగ్గర చేరి, గోడకు వేలాడదీసే బట్టలు నేయడం నేర్చుకున్నాడు. బళ్లో ఎనిమిది దాటలేదు. బొమ్మ గీయడం రాదు. కాని గీసి ఇచ్చిన బొమ్మను దారాల్లోకి దించడంలో ఆయన చేతికి పేరుంది. దేవుళ్లు, నాయకులు, కొత్త దంపతులు, ఎవరి ఇంటి ముందో నిలబెట్టిన ట్రాక్టర్, అన్నీ నేశాడు. అరవై నాలుగేళ్లు వచ్చాయి. కళ్లజోడు రెండుసార్లు మారింది.

ఆ పేటలో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. అంబాదాస్ ఒకసారి విమానమెక్కి జర్మనీ వెళ్లి వచ్చాడు. ఎవరైనా అలా అంటే ఆయన దిద్దుతాడు.

"జర్మనీ కాదు. ఆస్ట్రియా. మాట మాత్రం జర్మన్."

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. దాన్యూబ్ ఒడ్డున లిండెన్‌ఫార్ అని చిన్న ఊరు. మన లెక్కలో ఊరు కూడా కాదు, రెండు వీధులు, ఒక చర్చి, ఒక రొట్టెల కొట్టు. అక్కడ పూర్వం అవిసె నారతో బట్ట నేసేవాళ్లట. నేసేవాళ్లు పోయాక ఆ మగ్గాలను ఒక పాత ఇంట్లో పెట్టి మ్యూజియం చేశారు. మగ్గాలున్నాయి, కూర్చునేవాడు లేడు. అందుకని వేరే దేశాల నుంచి ఏడాదికి ఒక నేతగాణ్ణి తొంభై రోజులకు పిలిపించుకునేవాళ్లు. ఆ ఏడు, ఈ గోడ బట్టలు కొనే రాఘవేంద్ర సేట్ తండ్రి ఎగుమతి వ్యాపారం పుణ్యమా అని పిలుపు అంబాదాస్‌కు వచ్చింది.

బస ఊళ్లో కాదు, నదికి ఇవతలి ఒడ్డున రేవు నడిపే హన్నెస్ ఇంటి పై గదిలో. పొద్దున్నే రేవు దాటి మ్యూజియానికి పోవాలి, సాయంత్రం మళ్లీ దాటి రావాలి. ఆ రేవు పడవకు ఇంజన్ లేదు. నది మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎత్తుగా ఒక లావు తీగ కట్టి ఉంటుంది. పడవను తాడుతో ఆ తీగకు వేలాడదీస్తారు. హన్నెస్ చుక్కాని తిప్పి పడవను ప్రవాహానికి ఏటవాలుగా పెడతాడు, అంతే. నీళ్లు తోస్తాయి, పడవ అడ్డంగా ఆవలి ఒడ్డుకు నడుస్తుంది. వాలు ఇటు మార్చితే వెనక్కి వస్తుంది. డీజిల్ చుక్క లేదు, తెడ్డు లేదు. మొదటి రోజు అంబాదాస్ నోరు తెరుచుకుని చూశాడు. రెండో రోజు నుంచి హన్నెస్ చేతులనే చూశాడు. వారం గడిచేసరికి హన్నెస్ చుక్కాని ఆయన చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. తొందరపడి తిప్పితే "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్" అనేవాడు. మెల్లగా అని.

ఇద్దరికీ కలిసిన మాటలు పదో పన్నెండో. ఆవలి ఒడ్డున ఎవరైనా గంట కొడితే హన్నెస్ తింటున్న రొట్టె అక్కడే పెట్టి లేచేవాడు. ఒక్క ముసలమ్మ కోసం, ఒక్క సైకిల్ కోసం, ఒకసారి బుట్టలో బాతు పెట్టుకుని వచ్చిన పిల్ల కోసం. సారాయి కొట్టు గోడ మీద వరద ఎక్కడి దాకా వచ్చిందో గీతలు గీసి ఏడాది రాసి ఉండేది. ఒక గీత అంబాదాస్ తలకంటే మూరెడు ఎత్తున ఉంది. ద్రాక్ష కల్లు అమ్మే ఇళ్లవాళ్లు అమ్మే రోజున గుమ్మం మీద పచ్చకొమ్మల కట్ట వేలాడదీసేవాళ్లు. జూలైలో ఊరంతా జర్దాలు, అంటే ఆప్రికాట్ పండ్లు. ముక్కూ మొగమూ తెలియని మనిషి కూడా ఎదురైతే "గ్రూస్ గాట్" అని పలకరించకుండా దాటేవాడు కాదు. ఆదివారం అంగళ్లన్నీ మూసి ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆ నిశ్శబ్దానికి అంబాదాస్‌కు నిద్ర పట్టేది కాదు. జొన్నరొట్టె, పల్లీ చట్నీ తలుచుకుని ఒక ఆదివారం ఏడ్చాడు కూడా.

అక్కడున్న తొంభై రోజులూ కలలోకి దాజీ పేట వచ్చింది. తిరిగి వచ్చిన ఇరవై ఆరేళ్లూ ఆ రేవు వస్తోంది.

హన్నెస్ ప్రతి డిసెంబర్‌లో ఒక కార్డు పంపేవాడు. అయిదేళ్లు గడిచాక ఒకసారి రమ్మని కబురు కూడా పెట్టాడు. ఆ ఏడు అంబాదాస్ తండ్రికి పక్షవాతం. ఆ తర్వాత పాస్‌పోర్ట్ గడువు తీరింది. కొత్తది తీయించుకోవాలని అనుకుంటూనే కొడుకు లగ్గం, మనవడి పుట్టుక అయిపోయాయి. నాలుగేళ్లుగా కార్డులు లేవు. హన్నెస్ ఉన్నాడో పోయాడో తెలియలేదు. అడగడానికి ఎవరూ లేరు.

అలాంటప్పుడు జూలై నెలాఖరున రాఘవేంద్ర సేట్ హోట్గి రోడ్ ఆఫీసు నుంచి మనిషిని పంపించాడు. తండ్రి పోయాక వ్యాపారం ఆయనే చూస్తున్నాడు.

"కాకా, మీ ఊరినుంచి మెయిల్ వచ్చింది" అన్నాడు నవ్వుతూ.

"మా ఊరు ఏది, సేట్?"

"లిండెన్‌ఫార్."

నది మీద వంతెన అయిపోయిందట. అక్టోబర్ మొదటి ఆదివారం రేవు పడవ ఆఖరిసారి నది దాటుతుంది, ఆ మీద పడవను ఒడ్డుకు లాగేస్తారు. డెబ్బై తొమ్మిదేళ్ల హన్నెస్‌కు ఆ రోజు ఊరివాళ్లంతా కలిసి ఒక కానుక ఇవ్వాలనుకున్నారు. ఆయన ఇంటి ముందు నుంచి నలభై ఏళ్లుగా ఆయన చూసిన దృశ్యం, నది, పడవ, ఆవలి ఒడ్డున ఊరు, అన్నీ నేసిన గోడ బట్ట. ఎవరు నేయాలో కూడా వాళ్లే రాశారు. అంబాదాస్ అనే నేతగాడు బతికి ఉంటే ఆయనే నేయాలని.

"బతికే ఉన్న అని రాయండ్రి" అన్నాడు అంబాదాస్. ఇంటికి వచ్చి గోదావరికి సంగతంతా చెప్పాడు.

"నిన్ను సుత రమ్మన్నరా?" అంది గోదావరి.

"లేదు."

"చేతులను పిలిచిండ్రు, మనిషిని పిలువలే. మంచిగనే ఉన్నది" అని ఆమె పొయ్యి వైపు తిరిగింది. అటు తిరిగే మళ్లీ అంది, "చేతులన్న పోనీ."

ఇక్కడ ఆ ఇంటి పని పద్ధతి ఒకటి చెప్పాలి. అంబాదాస్ బట్టను ముఖం కిందికి పెట్టి నేస్తాడు. వీపు ఆయన వైపు ఉంటుంది. రంగు మారినప్పుడల్లా మిగిలే కొసలన్నీ పైకి, ఆయన కళ్ల ముందుకే వస్తాయి కనుక అదుపులో ఉంటాయి. కింద ముఖం నున్నగా వస్తుంది. బొమ్మ గీసిన కాగితాన్ని, అంటే నక్షను, పడుగు కింద కట్టుకుని దాన్ని చూస్తూ నేస్తాడు. ముఖం కిందికి ఉంది కాబట్టి నక్షను కుడిఎడమలు తిప్పి గీయాలి. లేకపోతే బట్ట తిరగేసినప్పుడు కుడిచేతి మనిషి ఎడమచేతి వాడవుతాడు. నక్ష గీసేది కోడలు తృప్తి. ఫోటోను పెద్దది చేసి, వెనక నుంచి వెలుతురు పెట్టి తిప్పి గీస్తుంది. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ తప్పు పోలేదు. బట్ట మగ్గం దిగాక కొసలు కత్తిరించే పని గోదావరిది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమెదే.

ఆగస్టు మొదట్లో నక్ష పడుగు కిందికి చేరింది. అంబాదాస్ కూర్చుని తొంగి చూశాడు. పోగుల వెనక లిండెన్‌ఫార్ కనిపించింది. ఎడమ చేతి వైపు సారాయి కొట్టు. నడుమ మెట్ల రేవు. కుడి చేతి వైపు, నది పారే దిక్కున, ఉల్లిగడ్డలాంటి గోపురంతో చర్చి. పొద్దు దాని వెనక నుంచే పొడిచేది. తాను పై గది కిటికీలోంచి చూసినట్టే ఉంది, ఇంచు కూడా తేడా లేదు. కోడలిని పిలిచాడు.

"మంచిగ గీసినవ్ బిడ్డా" అన్నాడు.

"మామా, మీరు ఎన్నడు మంచిగున్నదనలే!" అంది తృప్తి. వెళ్లి అత్తకు చెప్పింది.

ఆ రోజు నుంచి అంబాదాస్ పొద్దున ఆరింటికల్లా మగ్గం మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం కునుకు మానేశాడు. శ్రావణ పున్నమికి నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి రథం తిరిగే రోజున పేట అంతా మగ్గాలు ఆపితే ఆయనా ఆపాడు గాని, రథం కదిలీ కదలకముందే ఇంటికి వచ్చి మగ్గం పక్కన ఊరికే కూర్చున్నాడు. నీళ్లయ్యాయి. పడవ అయింది. పడవలో చుక్కాని దగ్గర బొటనవేలంత మనిషి, నెత్తిన టోపీ. ఆ మనిషిని నేయడానికి ఒక పూట పట్టింది. మెట్ల రేవు అయింది. సారాయి కొట్టు గోడ అయింది. వరద గీతలు ఫోటోలో మసకగా ఉంటే ఆయన గుర్తున్నట్టు మూడు గీతలు వేశాడు. చర్చి పునాది, గోడ లేచాయి. గోపురం, కొండలు, ఆకాశం మిగిలాయి.

సెప్టెంబర్ ఇరవైకల్లా పార్సిల్ సోలాపూర్ దాటాలి. చేతిలో ఇరవై రెండు రోజులున్నాయి. మిగిలిన నేతకు పదహారు చాలు.

ఆ మధ్యాహ్నం ఒక కండె చేయి జారి మగ్గం కిందికి దొర్లింది. గోదావరి వంగి, పాకుతూ కిందికి దూరింది. కండె అందుకుని, నడుము పట్టేసి, అక్కడే వెల్లకిలా పడుకుంది. నక్ష కాగితాన్ని పక్కకు జరిపి పైకి చూసింది. తలకు మూరెడు ఎత్తున బట్ట ముఖం.

"ఏమయ్యా."

"ఊఁ."

"చర్చి ఎటుండాలె?"

"కుడి దిక్కు."

"ఎడమ దిక్కున్నది."

"నువ్వు పండుకున్నవ్. నీకు తలకిందులు కనబడుతది."

"నాకు ఆకాశం వచ్చేది నెత్తి దిక్కే, నీళ్లు కాళ్ల దిక్కే ఉన్నయ్. ముప్పై ఎనిమిదేండ్ల సంది ముఖం జూస్తున్న, నాకు చెప్తున్నవా? చర్చి ఎడమకే ఉన్నది."

"ఎడమకెట్లుంటది? పొద్దు దాని ఎనకకెల్లే పొడుస్తది" అంటూ అంబాదాస్ నక్ష వైపు వేలు చూపించబోయాడు. వేలు గాలిలో ఆగింది.

నక్షలో చర్చి కుడివైపు ఉంది. ముఖం కిందికి పెట్టి నేసేవాడికి అది ఎడమవైపు కనిపించాలి. నక్ష ఎప్పుడూ తప్పుగానే కనిపించాలి. వేరే ఏ బొమ్మైనా అయితే మొదటి రోజే పట్టేసేవాడు. నాయకుడి చేతిగడియారం, పెళ్లికూతురి పైట, ఏదో ఒకటి చూసి "తిప్పలేదేమే" అని కోడలిని కేకేసేవాడు. ఇది చూసి మాత్రం మురిసిపోయాడు. ఇరవై ఆరేళ్లుగా కళ్లలో ఉన్న ఊరు అలాగే పోగుల వెనక కనిపిస్తే, అలా కనిపించకూడదన్న సంగతే మరిచిపోయాడు. రంగుల అతుకులు చూసుకోవడానికి కింద పెట్టే అద్దం కూడా చెప్పలేదు. అద్దంలో కుడివైపుది కుడివైపే కనబడుతుంది.

తృప్తి పరుగున వచ్చింది. నక్ష చూసి ముఖం పాలిపోయింది.

"నేను తిప్పిన మామా! ప్రమాణం. కిటికీ అద్దానికి పెట్టి తిప్పే గీసిన."

రాఘవేంద్ర ఆఫీసుకు ఫోన్ పోయింది. ఆయన కోడలు అపర్ణ కంప్యూటర్ పని చూస్తుంది. ఫోన్ ఎత్తింది ఆమే.

"కాకా... ఫోటో నేను తిప్పి పంపిన. మీరు తిప్పి గీస్తరని మామయ్య చెప్పిండ్రు గదా. తృప్తికి జరా పని తప్పుతదని..."

"చెప్పలే గదా అక్కా!" అంది తృప్తి ఏడుపు గొంతుతో.

ఒకరికి సాయం చేయబోయి అపర్ణ తిప్పింది. తన పని తాను చేస్తూ తృప్తి తిప్పింది. రెండుసార్లు తిరిగిన ఊరు మళ్లీ మొదటికి వచ్చింది.

"మీ ఇద్దరి తప్పు గాదు" అన్నాడు అంబాదాస్. "నాది. నక్ష సక్కగ కనబడ్డప్పుడే నేను లేవాల్సింది."

సాయంత్రం రాఘవేంద్ర స్వయంగా వచ్చాడు. ముఖ్మల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని మగ్గం పక్కన బల్ల మీద కూర్చున్నాడు. వంగి కింద నుంచి చూశాడు. బట్ట బాగుందన్నాడు, నీళ్లు అద్భుతమన్నాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"కాకా, విప్పి మల్ల నేసే టైం లేదు. ఇట్లనే పంపుదాం. నడుస్తది. గోడ మీద పెడితే ఎవడు జూస్తడు, చర్చి ఇటున్నదా అటున్నదా?"

"హన్నెస్ జూస్తడు."

"ముసలాయన. కండ్లు కూడ..."

"సేట్, మీ ఇంటి తలుపు తీస్తే ఎదురుంగ ఏమున్నది?"

"నీలగిరి చెట్టు. పక్కన పాన్‌డబ్బా."

"రేపు పొద్దుగాల తలుపు తీస్తే పాన్‌డబ్బా చెట్టుకు ఇటు దిక్కున్నదనుకోండ్రి. కండ్లు లేకున్న తెలుస్తది. ఆయన నలభై ఏండ్లు ఆ ఒడ్డు జూసిండు. నది ఎటు పారుతదో జూసి పడవ వాలు పెట్టిండు. రేవు బంద్ అయినంక గోడ మీద జూసుకునేదానికి ఇస్తున్నరు ఇది. నది ఉల్టా పారుతుంటే ఎట్ల జూస్తడు?"

రాఘవేంద్ర తల గోక్కున్నాడు. "మరి పంపకుంటే ఏం జూస్తడు? ఖాళీ గోడ."

అంబాదాస్ మనసులో లెక్క వేసుకున్నాడు. సగానికి పైగా బట్ట విప్పి మొదలుపెడితే అక్టోబర్ మొదటి ఆదివారం దాటిపోతుంది. ఇలాగే పంపితే తన చేత్తో తానే హన్నెస్‌కు అబద్ధం చెప్పినట్టు. తాను ఇక ఆ రేవు దాటలేడు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నాడు, ప్రతిసారీ ఏదో ఒక మూల నమ్మకుండా ఉండిపోయాడు. వంతెన వచ్చిందన్న రోజున నమ్మాల్సి వచ్చింది. మిగిలింది ఈ బట్టే.

గోదావరి చాయ్ గ్లాసులు తెచ్చి ఇద్దరి ముందు పెట్టింది. మగ్గం దగ్గరికి వెళ్లి, పైన గడ్డిలా లేచి ఉన్న కొసల మీద అరచేయి ఆనించి నిమిరింది.

"ఇది వీపా?" అంది.

"తెల్వదా నీకు? వీపే."

"దీని మీద చర్చి కుడికే ఉన్నది గదా."

"ఉంటే? కొసలన్నీ ఉన్నయ్. వీపు గోడకు పెడతరా ఎవరన్న?"

"కొసలు కిందికి గుంజితే ఇది ముఖమైతది."

అంబాదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

ఈ నేతలో పేక రెండు వైపులా ఒకేలా పడుతుంది. కొసలు ఏ వైపు ఉంటే అది వీపు, లేని వైపు ముఖం. అంతకుమించి తేడా లేదు. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. కాని నలభై ఏళ్లుగా వీపు అన్నది వీపే.

"ఎన్ని కొసలున్నయో తెలుసా? వేలు" అన్నాడు.

"తెల్వకుంటే ఎట్ల? కత్తిరిచ్చేది నేనే గదా. ఎన్నడన్న నువ్వు కత్తిరిచ్చినవా?"

"మగ్గం మీద ఉండంగనే గుంజాలె."

"గుంజుదాం."

"ఒక్కటి సందులకెల్లి తప్పు దిక్కు పోతే ముఖం మీద పుట్టుమచ్చ లెక్క కనబడుతది."

"నీ ముఖం మీద సుత ఉన్నది పుట్టుమచ్చ. నేను చేసుకోలేదా?"

రాఘవేంద్ర గట్టిగా నవ్వాడు. తృప్తి కూడా అప్పటికి నవ్వింది. అంబాదాస్ మాత్రం అప్పటికే వంగి ఒక కొసను పట్టుకుని, అది ఏ రెండు పోగుల నడుమ నుంచి వచ్చిందో చూస్తున్నాడు.

మర్నాడు చుట్టిన బట్టను వెనక్కి విప్పి, పడుగును కాస్త వదులు చేశారు. గోదావరి బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే చెల్లెలు గంగుబాయి దగ్గర నుంచి అల్లిక సూదులు రెండు తెప్పించింది, కొనలో కొక్కెం ఉన్నవి. పద్ధతి ఇది. కొక్కాన్ని కింది నుంచి పైకి గుచ్చాలి, కొసను పట్టాలి, కిందికి లాగాలి. లాగాక పైన వేలి గోరుతో పేకను సర్దాలి. ఒక రంగు ఒక చోట ఆగి రెండంగుళాల అవతల మళ్లీ మొదలైన చోట, నడుమ వీపు మీద పోగు వంతెనలా వేలాడుతూ ఉంటుంది. అలాంటి చోట నడిమికి కత్తిరించి, రెండు కొసలు చేసి, రెండింటినీ విడివిడిగా దించాలి.

గోదావరి మగ్గం కింద చాప వేసుకుని, పక్కన టేబుల్ లైట్ పెట్టుకుని పడుకుంది. అంబాదాస్ పైన. నీళ్ల దగ్గర మొదలుపెట్టారు. ఏడు కండెల నది కాబట్టి కొసలు ఎక్కడ చూసినా ఉన్నాయి.

"ఇంత మంచి నది ఎందుకు నేసినవయ్యా? ఒక్క రంగు ఏస్తే నా ప్రాణం సుఖంగుండు."

"ఒక్క రంగైతే నది గాదు."

"అక్కడ నిజం నది గిట్లనే ఉండెనా?"

అంబాదాస్ పేకను గోరుతో సర్దాడు. పైన ఒక కొస మాయమైంది, దాని పక్కది మాయమైంది.

"పొద్దుగాల బూడిద. ఎండ పడ్డంక పచ్చగ. మబ్బుంటే ఇనుము లెక్క. పడవల నిలబడితే కాళ్ల కింద గుంజుతుంటది, గుంజుడు కాళ్లకు తెలుస్తది. ఇంజన్ లేదు గదా, చప్పుడుండది. నీళ్ల చప్పుడొక్కటే."

"ఇన్నేండ్లకు గిది చెప్పినవ్. రొట్టె గురించి నూరుసార్లు జెప్పినవ్."

"నువ్వు అడగలే."

కింద నుంచి ఇంకో కొక్కెం పైకి వచ్చింది. "ఇప్పుడు అడుగుతున్న. చెప్పు" అంది గోదావరి.

అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజుల్లో ఆయన చెప్పినంత ఇరవై ఆరేళ్లలో చెప్పలేదు. రేవు గంట ఎలా మోగేదో, హన్నెస్ భార్య తనకు ఉప్పు తక్కువైందని చూసి పక్కన ఉప్పు గిన్నె ఎలా పెట్టేదో, ఆఖరి రోజు హన్నెస్ రైలు స్టేషన్‌కు రాకుండా పడవలోనే ఉండిపోయి టోపీ తీసి నిలబడితే, తాను గట్టు మీద ఎంతసేపు వెనక్కి చూస్తూ నడిచాడో. రైలు దొరకదేమోనని తోడు వచ్చినవాళ్లు తొందర పెట్టారు. ఒక్క పూట ఆగి ఇంకొక్కసారి దాటి ఉంటే బాగుండేదని చెప్పాడు. గోదావరి చేతులు ఆగలేదు. ఒకచోట తప్పుడు సందులోంచి వచ్చిన కొసను పైకి తోసి, "మల్ల తియ్యి, ఇది కాదు" అంది.

తప్పులు జరిగాయి. నీళ్లలో రెండు చోట్ల పేక ముడుచుకుంటే విప్పి మళ్లీ నేయాల్సి వచ్చింది. పడవలోని మనిషి టోపీ దగ్గర కొస పొట్టిగా ఉండి కొక్కానికి అందలేదు. ఆ వేలెడంత చోటు మొత్తం తీసి, మనిషిని మళ్లీ నేశాడు. ఈసారి ఇంకో పూట పట్టింది.

దాని తర్వాత ఇంకో చిక్కు. మిగిలిన గోపురం, కొండలు, ఆకాశం ముఖం పైకి పెట్టి నేయాలి. కొసలను కిందికి వదలాలి. నలభై ఏళ్లు కొసను పైకి లేపిన వేలు మాట వినలేదు. రంగు మారినప్పుడల్లా అది తన దారిన పైకి లేపేసేది. కింద నుంచి గోదావరి కేక వేసేది, "రాలే!" అంబాదాస్ నాలిక కరుచుకుని దించేవాడు. రెండు రోజులకు వేలు నేర్చుకుంది. బయట గణపతి మండపంలో ఢోల్ కొడుతుంటే, లోపల "వచ్చిందా?" "వచ్చింది" అన్న రెండు మాటలతో గోపురం లేచింది. అనుకున్న పదహారు రోజుల నేత, రోజుకు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటే పదిహేను రోజుల్లో అయింది.

పద్దెనిమిదో తేదీ సాయంత్రం పడుగు కోసి బట్టను దించారు. నేల మీద పరిచి, తృప్తి ఫోన్‌లో అసలు ఫోటో పక్కన పెట్టి పోల్చింది. చర్చి కుడికి ఉంది. సారాయి కొట్టు ఎడమకు ఉంది. నది ఎడమ నుంచి కుడికి పారుతోంది. గోదావరి బట్టను బోర్లించి, కత్తెర తీసుకుని కొసలు కత్తిరించడానికి కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ పని సాగింది. పై అంచుకు గొట్టం కుట్టి అందులో సన్న కట్టె దూర్చారు. తృప్తి ఇస్త్రీ చేయబోతే అంబాదాస్ ఆపి, తడిబట్ట వేసి తానే చేశాడు.

ఇరవయ్యో తేదీ పొద్దున ఆటోలో అంబాదాస్, గోదావరి ఇద్దరూ హోట్గి రోడ్‌కు వెళ్లారు. రాఘవేంద్ర బల్ల మీద కాగితాలన్నీ తీసేయించి బట్ట పరిపించాడు. అపర్ణ వచ్చి ఒక పక్కన నిలబడింది, అంబాదాస్ వైపు చూడకుండా. రాఘవేంద్ర ఒక మూల ఎత్తి వెనక చూశాడు, ముందు చూశాడు. నీళ్ల మీద అరచేయి ఆనించి నిమిరాడు. ఎక్కడా వేలికి తగల్లేదు.

"కాకా, తెల్వనోడు ఎవడన్న చెప్పగలడా?"

"చెప్పలేడు."

"తెలిసినోడు?"

"మెట్ల కాడ ఒక్క చోట. నేను చెప్పను."

అపర్ణ వంగి మెట్ల దగ్గర చూసింది. ఏమీ కనిపించలేదు. "నాకు చెప్పండ్రి కాకా, తప్పు నాది గదా" అంది.

"నీదయితే నీకే కనబడాలె బిడ్డా. ఎతుకు" అన్నాడు అంబాదాస్. అపర్ణ నవ్వి ముఖం ఎత్తింది.

పంపే ముందు ఏమైనా చీటీ రాస్తారా, తాను ఇంగ్లిష్‌లో పెడతానని రాఘవేంద్ర అన్నాడు. అంబాదాస్ ఆలోచించాడు. గోదావరి ఆయన ముఖం చూసి, తల తిప్పి కిటికీ అవతలికి చూసింది.

"రాయండ్రి" అన్నాడు చివరికి. "మేకు కట్టెకే కొట్టాలె, బట్టకు కొట్టద్దు. ఎండ పడే గోడకు పెట్టద్దు. ఆరు నెల్లకొకసారి దులపాలె, నీళ్లు పెట్టద్దు. ఆయన కుర్చీల కూసుంటే కండ్లకు ఎదురుంగ వచ్చేటట్టు పెట్టాలె, మరీ మీదికి పెట్టద్దు."

"అంతేనా?"

"అంతే."

రాఘవేంద్ర రాసుకున్నాడు. ప్యాకింగ్ కుర్రవాడు అట్ట గొట్టం తెచ్చి చుట్టబోతే అంబాదాస్ వద్దని తానే బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం బయటికి ఉండేటట్టు ఆకాశం వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. కొండలు లోపలికి పోయాయి, తర్వాత గోపురం, ఇళ్లు, మెట్లు. పడవ దగ్గర చేతులు ఆగాయి. తర్వాత దాన్నీ చుట్టాడు. నది ఆఖరున మిగిలింది. దాన్ని కూడా చుట్టి, దాని మీద మెత్తని పాత ధోవతి గుడ్డ కప్పి, రెండు చివర్లా గుడ్డ నాడాతో కట్టి, ముడి బిగించి చూసుకున్నాడు.

గొట్టాన్ని రెండు చేతుల మీద పెట్టి ముందుకు చాచాడు. రాఘవేంద్ర కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నాడు.